ఒరే రమణా, ఆ వోక్స్‌వ్యాగన్ సంగతి

హైదరాబాద్

ఒరే రమణా,

నీ మెసేజ్ చూశాను. "సెకండ్ హ్యాండ్‌లో వోక్స్‌వ్యాగన్ పోలో ఒకటి వస్తోంది, జర్మన్ కంపెనీ కదా, కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా వల్ల అయ్యే పని కాదని నీకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కంపెనీ బండిని నమ్మొచ్చు. బండి గురించి కంపెనీ రాసిచ్చే కాగితం ఉంటుంది చూడు, దాన్ని మాత్రం ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. పుట్టినప్పటి నుంచీ వాళ్ళ వరస ఇదే.

1934లో హిట్లర్ ప్రభుత్వం సామాన్యుడికి కారు కావాలంది, ధర వెయ్యి రైష్‌మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) దాటకూడదంది. డిజైన్ బాధ్యత ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరుకి అప్పగించారు. 1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ దగ్గర కాలవ ఒడ్డున ఫ్యాక్టరీకి హిట్లరే శంకుస్థాపన చేశాడు. ఇక కారు కొనే పద్ధతి: వారానికి కనీసం ఐదు మార్కుల స్టాంపు కొని ఓ పుస్తకంలో అతికించుకుంటూ పోవాలి, లెక్క పూర్తయితే కారు ఇస్తారు. మన వీధిలో చిట్టీలు కట్టేవాళ్ళు కదా, అచ్చం అలాగే. చిట్టీ ఆయన రాత్రికి రాత్రి జెండా ఎత్తేసినట్టే ఇక్కడా అయింది. దాదాపు 3,36,000 మంది కట్టారు, యుద్ధం వచ్చి పడింది, వాళ్ళలో ఒక్కరి ఇంటి ముందుకీ కారు రాలేదు. ఫ్యాక్టరీలో తయారైన బళ్ళు దాదాపు అన్నీ సైన్యానికే పోయాయి. డబ్బు కట్టినవాళ్ళు తర్వాత కోర్టుల చుట్టూ తిరిగితే 1961కి గానీ తేలలేదు. ఆ తేలింది కూడా, కొత్త కారు కొంటే కొంత తగ్గింపు, వద్దనుకుంటే చేతిలో ఇంత చిల్లర.

డబ్బు పోవడం అందులో చిన్న సంగతే రా. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీలో సుమారు 20,000 మంది చేత బలవంతంగా చాకిరీ చేయించారు. పోలండ్ నుంచీ సోవియట్ దేశం నుంచీ పట్టుకొచ్చినవాళ్ళు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. వాళ్ళలో ఆడవాళ్ళకి పుట్టిన పసిపిల్లల్ని తల్లుల దగ్గర ఉంచకుండా, చివరికి రూయెన్ అనే ఊళ్ళో ఓ శిబిరంలో పడేశారు. 350 మందికి పైగా పిల్లలు చనిపోయారు. దానికి బాధ్యుడైన కంపెనీ డాక్టరుకి బ్రిటిష్ సైనిక కోర్టు ఉరిశిక్ష వేసింది. ఇదంతా కంపెనీ చాలా ఏళ్ళు ఎత్తకుండా నెట్టుకొచ్చింది. 1986లో హాన్స్ మొమ్సెన్ అనే చరిత్రకారుడికి పాత రికార్డులన్నీ అప్పగించి రాయమంది, 1998లో బతికి ఉన్న బాధితుల కోసం నిధి పెట్టింది. ఆలస్యమే. కానీ రికార్డులు తెరిచి ఇవ్వడం అనేది చాలా కంపెనీలు చెయ్యని పని, ఆ మాట కూడా అనాలి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. యుద్ధం అయిపోయాక ఆ ఊరు బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. పక్కనున్న కోట పేరు మీద ఊరికి వోల్ఫ్స్‌బుర్గ్ అని పేరు పెట్టారు. 1945 ఆగస్టులో ఐవన్ హర్స్ట్ అనే మేజర్‌ని ఫ్యాక్టరీ చూసుకోమని పంపారు. ముప్పై ఏళ్ళు కూడా లేవు ఆయనకి. వెళ్ళి చూస్తే కప్పు సగం లేదు. పైనుంచి పడి పేలని బాంబు ఒకటి యంత్రాల మధ్య ఇరుక్కుని ఉంది. అది పేలి ఉంటే మళ్ళీ దొరకని యంత్రాలు పోయేవి, మనం ఈ కంపెనీ గురించి మాట్లాడుకునేవాళ్ళమే కాదు. హర్స్ట్ బాంబు తీయించాడు, మురుగు కాలవలు బాగు చేయించాడు, మూలన పడి ఉన్న పాత కారొకదానికి ఆకుపచ్చ రంగు కొట్టించి బ్రిటిష్ సైన్యం ప్రధాన కార్యాలయానికి పంపాడు. సైన్యానికి అప్పట్లో బళ్ళు లేవు. వెంటనే 20,000 కార్లకి ఆర్డరిచ్చారు. వాన పడితే పని ఆపాలి, ఉక్కు కావాలంటే కార్లిచ్చి తెచ్చుకోవాలి. అలాంటి చోట 1946 అక్టోబరు నాటికి పదివేలో కారు బయటికొచ్చింది. బ్రిటన్ కార్ల కంపెనీలకి ఈ ఫ్యాక్టరీ చూపిస్తే పెదవి విరిచాయి, ఫోర్డ్ వాళ్ళూ వద్దన్నారు. వద్దన్నవాళ్ళంతా తర్వాత ఎంత ఏడ్చి ఉంటారో!

1948లో హైన్రిష్ నార్డ్‌హోఫ్ పగ్గాలు తీసుకున్నాడు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1955లో, పది లక్షలో కారు. అదే బీటిల్. ఇంజను వెనకాల, గాలితోనే చల్లబడుతుంది, రేడియేటరే లేదు. నీళ్ళే లేనప్పుడు చలికి గడ్డకట్టేదేముంది, ఎండకి మరిగేదేముంది! ఎవరు తోలినా నడిచే బండి.

మరి హిట్లర్ కారుని అమెరికాలో అమ్మడం ఎలా? యుద్ధం పచ్చిగా ఉంది, పైగా వాళ్ళవి ఓడల్లాంటి కార్లు. 1959లో న్యూయార్క్‌లోని డీడీబీ అనే ఏజెన్సీకి ప్రకటనల పని అప్పగించారు. ఆ ప్రకటనల మాటలు రాసిన జూలియన్ కోనిగ్ యూదుడు, ఏజెన్సీ పెద్ద బిల్ బెర్న్‌బాక్ కూడా యూదుడే. విధి అనేది ఒకటుంటే దానికి హాస్యం బాగా తెలుసనిపిస్తుంది నాకు. పేజీ అంతా తెల్లగా వదిలేసి, ఓ మూల ఈగంత కారు బొమ్మ వేసి, చిన్నగా ఆలోచించండి అన్నారు. ఇంకో దానిలో కారు బొమ్మ కింద, ఇది పనికిరాని బండి అని వాళ్ళే రాసుకున్నారు! ఎందుకయ్యా అని చదివితే, డ్యాష్‌బోర్డు అర మీద క్రోమ్ పట్టీకి చిన్న మరక పడిందట, కుర్ట్ క్రోనర్ అనే ఇన్‌స్పెక్టరు పట్టుకుని ఆపేశాడట. వోల్ఫ్స్‌బుర్గ్‌లో తనిఖీకే 3,389 మంది ఉన్నారు, రోజుకి తయారయ్యే కార్లు మూడు వేలు, అంటే కార్ల కంటే ఇన్‌స్పెక్టర్లే ఎక్కువ అని కింద రాశారు. మన లోపం మనమే చెప్పుకుని సరుకు అమ్మడం అంటే ఎంత ధైర్యం కావాలి! వాళ్ళ కాగితాల్లో నాకు ముచ్చటేసేవి ఇవే.

1972 ఫిబ్రవరి 17న బీటిల్ సంఖ్య 1,50,07,034కి చేరి ఫోర్డ్ మోడల్-టి రికార్డు దాటింది. ఆ పాతరకం బీటిల్‌లో ఆఖరిది 2003లో మెక్సికోలోని పుయెబ్లాలో తయారైంది. ఒకే మోడల్‌ని పట్టుకుని వేలాడడం వల్ల డెబ్బైల్లో దివాలా అంచుకి వెళ్ళి, 1974లో గోల్ఫ్ అనే కొత్త కారుతో బయటపడ్డారు. ఆడి అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది, స్కోడా తర్వాత వచ్చింది. ఈ భాగం ఎక్కడైనా దొరుకుతుంది, నేను సాగదీయను.

దొరకనిది చెప్తాను. ఆ ఫ్యాక్టరీలో 1973 నుంచి సాసేజ్‌లు కూడా తయారుచేస్తారు. కర్రీవుర్స్ట్ అంటారు, మసాలా సాస్‌తో తినే పంది మాంసం సాసేజ్. నట్లకీ బోల్టులకీ ఉన్నట్టే దానికీ స్పేర్ పార్టు నంబరుంది, 199 398 500 ఏ. కొన్నేళ్ళు కార్ల కంటే సాసేజ్‌లే ఎక్కువ అమ్ముడుపోయాయి. 2021లో ఓ క్యాంటీన్‌లో మాంసం తీసేస్తే మాజీ చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ బహిరంగంగా గొడవ చేశాడు. మన దగ్గర క్యాంటీన్‌లో బిర్యానీ తీసేస్తే ఊరుకుంటామా చెప్పు.

ఇక మీ విశాఖ కథ. 2005లో నువ్వు అక్కడే ఉన్నావు, నాకంటే నీకే బాగా తెలియాలి. వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తోందనగానే ఎకరం ధర ఎక్కడికి పోయిందో, ఎంతమంది రియల్ ఎస్టేట్ వాళ్ళు పుట్టుకొచ్చారో! తీరా చూస్తే, మన ప్రభుత్వం వశిష్ఠ వాహన్ అనే కంపెనీ ఖాతాలో 11 కోట్ల రూపాయల పైచిలుకు వేసేసింది, జర్మనీలో అసలు కంపెనీ ఏమో మాకూ దానికీ సంబంధం లేదు పొమ్మంది. సీబీఐ విచారణ, అసెంబ్లీలో రచ్చ, పేపర్లలో నెలల తరబడి ఇదే. మన వైపు నుంచి చర్చలు జరిపినవాళ్ళు నమ్మింది స్కోడాలో పెద్ద పదవిలో ఉన్న ఓ అధికారిని. ఆయన ఆ జూన్‌లోనే కంపెనీలోంచి బయటికి పోయాడు.

జర్మనీలో ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. దొంగ కంపెనీల కూపీ లాగుతుంటే, కార్మిక సంఘం నాయకుల్ని మంచి చేసుకోవడానికి కంపెనీ డబ్బుతో విహార యాత్రలు, ఇంకా నీకు రాయలేని సరదాలు నడిపిన వ్యవహారం బయటపడింది. సిబ్బంది వ్యవహారాల డైరెక్టర్ పీటర్ హార్ట్స్ రాజీనామా చేశాడు. జర్మనీ ఉద్యోగ సంస్కరణలకి ఈయన పేరే పెట్టారు. 2007లో ఆయనకి రెండేళ్ళ సస్పెండెడ్ జైలు శిక్ష, 5,76,000 యూరోల జరిమానా పడ్డాయి. మనకి రావలసిన ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కి పోయింది, 2009లో మొదలైంది. నువ్వు కొనబోయే పోలో అక్కడిదే. మన వాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు వోల్ఫ్స్‌బుర్గ్‌కి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేదని నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసలు పరువు పోయింది 2015లో. కథ మొదలైన తీరు గమ్మత్తుగా ఉంటుంది. అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా ఉన్నాయని నిరూపించి, యూరప్‌లో కూడా అలాగే చెయ్యమని అడుగుదామని ఓ సంస్థ పరీక్షలు చేయించింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ పని తీసుకున్నారు. బృందంలో ఇద్దరు మనవాళ్ళే, అరవింద్ తిరువెంగడం, బెంగళూరు కుర్రాడు హేమంత్ కప్పన్న. కొలిచే యంత్రాలు డిక్కీలో పెట్టి, వాటికి కరెంటు కోసం వెనక జనరేటర్ కట్టి, వోక్స్‌వ్యాగన్ వాళ్ళ పస్సాట్ కారులో లాస్ ఏంజెలిస్ నుంచి సియాటిల్ దాకా వెళ్ళి వచ్చారు. ల్యాబులో రోలర్ల మీద చూస్తే బుద్ధిగా ఉన్న బండి, రోడ్డెక్కేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లు కక్కుతోంది. వాళ్ళదే జెట్టా అనే ఇంకో కారైతే పరిమితికి 15 నుంచి 35 రెట్లు! వీళ్ళు ముందు తమ యంత్రాలే పాడయ్యాయేమో అనుకున్నారట.

మర్మం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. స్టీరింగ్ తిరగడం లేదు, వేగం పరీక్ష పట్టికలో ఉన్నట్టే పెరిగి తగ్గుతోంది అంటే, ఇది పరీక్ష అని బండికే తెలిసిపోతుంది. అప్పుడు పొగ శుద్ధి పూర్తిగా పనిచేస్తుంది. రోడ్డు మీదికి రాగానే తగ్గిపోతుంది. ఇన్‌స్పెక్షన్‌కి డీఈఓ వచ్చిన రోజు మాత్రమే బడికి వచ్చే మాస్టార్లని చూశాం కదా! కంపెనీ ఏడాదికి పైగా, ఏదో సాంకేతిక లోపం అని బుకాయించింది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసిచ్చింది, అయిదు రోజుల్లో అధినేత మార్టిన్ వింటర్‌కార్న్ దిగిపోయాడు. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బళ్ళు. జరిమానాలూ పరిహారాలూ కలిపి 3,000 కోట్ల యూరోలు దాటాయి. మన దేశంలో 3,23,000 బళ్ళు వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది, దాని మీద కంపెనీ సుప్రీంకోర్టుకెళ్ళింది.

తమాషా చూడు. అవే బళ్ళు తోలిన వాళ్ళలో చాలామందికి బండి మీద ఫిర్యాదు లేదు. లాగుడు బాగుంది, మైలేజీ బాగుంది. స్వచ్ఛమైన డీజిల్ అని కరపత్రంలో రాసిందే అబద్ధం. మరక పడిన క్రోమ్ పట్టీని పట్టుకున్న ఇన్‌స్పెక్టర్ల కంపెనీ ఇది.

ఇప్పుడు వాళ్ళ పరిస్థితి టెన్షన్‌గానే ఉంది. చైనాలో ఎన్నో ఏళ్ళు మొదటి స్థానం వాళ్ళది, 2023లో బీవైడీ అనే చైనా కంపెనీ ఎగరేసుకుపోయింది. 2030 నాటికి జర్మనీలో 35,000 ఉద్యోగాలు తగ్గించడానికి 2024 డిసెంబరులో సంఘాలతో ఒప్పందం కుదిరింది.

సరే, నీ బండికొద్దాం. పోలో తలుపు వేస్తే వచ్చే దబ్‌మనే చప్పుడుకే సగం మంది పడిపోతారు, నువ్వూ పడిపోయి ఉంటావు. ఆ గట్టితనం ఉత్తిది కాదు. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసినప్పుడు దాని చట్రం చెక్కుచెదరలేదు. కానీ ఎయిర్‌బ్యాగులు లేని మోడల్ కాబట్టి సున్నా నక్షత్రాలే వచ్చాయి, అవి పెట్టి చూస్తే నాలుగు. ఆ తర్వాతే అన్నిటికీ రెండేసి ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. కాబట్టి అంతకుముందు బండైతే ఎంత చవకకి వచ్చినా వద్దు. ఆటోమేటిక్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ అయితే నా మాట విని వదిలెయ్. నడిచినంతకాలం వెన్నలా ఉంటుంది, పోతే నీ బోనస్ అందులోకే. డీజిల్ అయితే ఆ రీకాల్ పని చేయించారా లేదా అని ఛాసిస్ నంబరు చెప్పి షోరూమ్‌లో అడుగు, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కూడా. నాకైతే మామూలు పెట్రోల్ మాన్యువల్ మేలనిపిస్తుంది. స్పేర్ పార్టులు మారుతి ధరలకి రావు, ఆ లెక్క ముందే వేసుకో. పోలో మన దేశంలో 2022లో ఆగిపోయింది కూడా.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళు. వస్తున్నానని ముందే చెప్తే వాళ్ళు ఇంజను వేడి చేసి పెడతారు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే అసలు చప్పుడు తెలుస్తుంది. మన గాజువాక మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళు. బేరం మాత్రం నువ్వు ఆడకు, మా చెల్లెమ్మకి వదిలెయ్. నువ్వు బేరమాడితే అమ్మేవాడే జాలిపడి టీ ఇప్పిస్తాడు.

చూశాక ఫొటోలు పంపించు.

నీ
శ్రీను