గడువు దాటిందని వెనక్కి పంపొద్దు

సంపాదకులకు,

చిన్నప్పటి లైంగిక వేధింపుపై పెద్దయ్యాక ఫిర్యాదుకెళితే ‘గడువు దాటింది’ అనడం తప్పు. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సోలోని 19వ సెక్షన్ ఫిర్యాదుకు గడువే పెట్టలేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 514వ సెక్షన్‌లోని మూడేళ్ల పరిమితి, మూడేళ్లకు మించని శిక్షలున్న నేరాలకే. అత్యాచారానికి అది వర్తించదు. గడువు దాటినా 519 కింద కోర్టు మన్నించవచ్చు.

చిక్కంతా 2012 నవంబరు 14కు ముందటి ఘటనలతోనే, అప్పటికి పోక్సో అమల్లో లేదు. మహిళ గౌరవానికి భంగం కలిగించేలా దాడి చేయడంపై ఉన్న ఐపీసీ 354కు అప్పట్లో దేశమంతటా గరిష్ఠ శిక్ష రెండేళ్లే, కాబట్టి మూడేళ్ల గడువు అడ్డొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1991 సవరణతో ఐదు నుంచి ఏడేళ్లయింది. అంటే మన దగ్గర ఆ సవరణ తర్వాతి 354 కేసులకు గడువు అడ్డురాదు! ఈ సంగతి స్టేషన్లలో తెలియాలి. ఆ సెక్షన్ మగపిల్లలకు వర్తించకపోవడం బాధాకరం.

ఫిర్యాదులో తేదీ గుర్తులేకపోతే అప్పటి తరగతి, ఉన్న ఇల్లు, పండగో సెలవులో రాయండి. వయసుకు బడి సర్టిఫికెట్ జతచేయండి.

- ఒక న్యాయవాది, గుంటూరు