కలివికోడికి కావలసింది చిట్టడవి

సంపాదకులకు,

అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మా కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్లీ కనబడింది. దానికోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మంచిదే. కానీ ఆ పిట్ట దట్టమైన అడవిలో బతకదు. పొదల మధ్య ఖాళీ నేల ఉండాలి. బీడు అనుకుని అక్కడ గుంతలు తీసి మొక్కలు నాటితే దాని ఇల్లు పోయినట్టే. పొదలు నరికేసినా, మేత బొత్తిగా ఆపడంతో అవి కమ్ముకుపోయినా అంతే. అటవీశాఖ అక్కడి పశువుల కాపరులనే కాపలాకు పెట్టుకోవాలి. రాత్రిపూట తిరిగే ఆ పిట్టను అప్పట్లో పట్టిచ్చింది కూడా ఒక స్థానిక వేటగాడే.

– ఒక పాఠకుడు, బద్వేలు