జాబ్ సర్వర్ ఆపమన్న ఆ ఒక్క మాటకు

మా రిపోర్టుల వ్యవస్థను కొత్త వెర్షన్‌కు మార్చవచ్చా, వద్దా అని తేల్చే పని మొన్న శుక్రవారంతో ముగిసింది. మార్చవచ్చని రాసి, సంతకం పెట్టి పైవాళ్లకు పంపాను. ఆ నివేదిక మీద నా పేరొక్కటే ఉంది. అందులో ఉన్న తెలివి మాత్రం సగానికి పైగా నాది కాదు. ఆ సంగతి నలుగురిలో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

మేము వాడుతున్నది ఎస్‌ఏపీ బిజినెస్ ఆబ్జెక్ట్స్ 4.2. దానికి సాధారణ మద్దతు 2022 డిసెంబర్ 31తో ముగిసింది. 4.3 వెర్షన్ 2020లోనే వచ్చినా, గడువు దాటాక గానీ మాకు మెలకువ రాలేదు. తీరా వచ్చాక అంతా తొందరే. నేను చేసిన మొదటి పని, కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయో చూపే పెద్ద పట్టిక ఒకటి తయారు చేయడం. రంగులు కూడా వేశాను. దానికి మూడు రోజులు పట్టింది.

పాత సహోద్యోగి ఒకరు నంబరు ఇస్తే, ఆ పట్టిక ముందు పెట్టుకుని ఒక పెద్దాయనకు ఫోను చేశాను. ఈ సాఫ్ట్‌వేర్‌తో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి. నేనెవరో ఆయనకు తెలియదు, నాతో ఆయనకు పనీ లేదు. నేను చదివిందంతా ఓపికగా విని, "ఇవన్నీ సరే బాబూ, మీవాళ్లు నిజంగా తెరిచే రిపోర్టులు ఎన్ని?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆడిటింగ్ డేటాబేసులో ఏడీఎస్ ఈవెంట్ అనే టేబుల్ ఉంటుందని, ఎవరు ఏ రిపోర్టును ఎప్పుడు తెరిచారో అది చెబుతుందని ఆయన చెప్పారు. వెళ్లి చూశాను. మేము భద్రంగా దాచుకున్న రిపోర్టుల్లో మూడొంతులు ఏడాదిగా ఎవరూ ముట్టుకోనివే. ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్ అని పేర్లు పెట్టుకుని వరసగా పడి ఉన్నాయి. ఫ్లాష్‌తో కట్టిన డాష్‌బోర్డులు కూడా ఆ గుంపులోనే కనిపించాయి. ఫ్లాష్‌కు అడోబీ 2020 చివరి రోజున స్వస్తి చెప్పింది. 4.3లో ఆ డాష్‌బోర్డులకు చోటే లేదు. వాటినెలా మోసుకెళ్లాలా అని నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించాను. ఎవరూ తెరవని వాటి కోసం!

పరీక్షించాల్సినవి చివరికి నూట పది లోపే తేలాయి. పని ఒక్కసారిగా మనిషి చేయగలిగినంతకు దిగింది.

అసలు కృతజ్ఞత చెప్పాల్సింది ఆ తర్వాతి సాయంత్రం గురించి. పరీక్ష కోసం మా లైవ్ వ్యవస్థకు నకలు తయారు చేశాను. వ్యవస్థ తన వివరాలన్నీ దాచుకునే సీఎంఎస్ డేటాబేసు బ్యాకప్‌ను వేరే చోట రీస్టోర్ చేసి, రిపోర్టు ఫైళ్లుండే ఫైల్ రిపాజిటరీని కాపీ చేసి, అంతా సిద్ధమైంది. ఇక సర్వర్‌ను లేపడమే అనుకుంటూ, సంతోషం పంచుకుందామని ఆయనకు ఫోను చేశాను. ఆయన సంతోషించలేదు.

"ఆ నకలు ఏ సీఎంఎస్ డేటాబేసును చూస్తోంది?"

నకలు డేటాబేసునే అన్నాను. అసలుదాన్ని చూస్తూ లేచి ఉంటే, ఈ పరీక్ష సర్వర్ నేరుగా మా లైవ్ క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే అసలు సర్వర్ల గుంపులో, సభ్యుడై కూర్చునేది. అక్కడి వరకూ నాకు తెలుసు.

"మరి జాబ్ సర్వర్?"

తెలియదు. పెట్టిన వేళకు రిపోర్టులను వాటంతటవే నడిపేది అదే. రిపోర్టులకు నకలు తీస్తే షెడ్యూళ్లకూ నకలు తీసినట్టేనని నాకు తట్టనే లేదు. సర్వర్ లేవగానే అవీ లేస్తాయి, వాటి వేళకు అవి నడుస్తాయి, మెయిళ్లు పంపుతాయి. మా దగ్గర రోజూ తెల్లవారుజామున ఖాతాదారులకు బకాయిల వివరాలు వెళతాయి. మర్నాడు వాళ్లందరికీ రెండేసి మెయిళ్లు వెళ్లి ఉండేవి, అందులో ఒకటి ఆగిపోయిన పాత లెక్కలతో. మౌస్ మీద ఉన్న చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఆయన లైన్‌లోనే ఉండి చేయించారు. ముందు ఆ సర్వర్ నుంచి మెయిల్ సర్వర్‌కు, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి దారులు మూయించారు. ఆ తర్వాతే లేపనిచ్చారు. లేవగానే అడాప్టివ్ జాబ్ సర్వర్‌ను ఆపించి, షెడ్యూళ్లన్నిటినీ పాజ్ చేయించారు. నలభై నిమిషాలు పట్టింది. వెనక నుంచి భోజనానికి పిలుస్తున్న గొంతు రెండుసార్లు వినిపించింది. ఆ ఇంటివారికి కూడా నా క్షమాపణలు.

యూనివర్సుల విషయంలోనూ, అంటే డేటాబేసుకూ రిపోర్టులకూ మధ్య ఉండే పొరల విషయంలోనూ, ఆయన నన్ను పట్టి ఆపారు. పాత రకం యూనివర్సులైన యూఎన్‌వీలన్నిటినీ ఇదే ఊపులో కొత్త రకమైన యూఎన్‌ఎక్స్‌గా మార్చేద్దామన్నది నా ఉబలాటం. పాతవి 4.3లో అలాగే నడుస్తాయి కదా, రెండు మార్పులూ ఒకేసారి చేస్తే అంకె తప్పినప్పుడు ఏది తప్పించిందో ఎలా పట్టుకుంటావని అడిగారు. ఆ పని పక్కన పెట్టాను.

అంకె ఎలాగూ తప్పింది. అది పట్టుకున్నది మా అకౌంట్స్ మేడమ్. పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండు వ్యవస్థలూ ఒకే రోజు దగ్గర ఆపిన ఒకే డేటాను చదివేలా పెట్టి, నేను రిపోర్టులను ఎక్సెల్‌లోకి దించి మొత్తాలు, వరుసల సంఖ్య సరిచూశాను. అన్నీ కలిశాయి. బకాయిల రిపోర్టు మొత్తం కూడా పైసాతో సహా కలిసింది. నేను టిక్కు పెట్టేశాను. మేడమ్ మాత్రం స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో గడీ చదువుతూ, "30 రోజుల లోపు గడిలో ఉన్న ఈ నాలుగు బిల్లులకు 31 రోజులు నిండాయి, ఇక్కడెందుకున్నాయి?" అన్నారు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. పరీక్ష సర్వర్ గడియారాన్ని మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలోనే వదిలేశాను. బకాయి వయసు లెక్కగట్టే ఫార్ములాలో, ఈ రోజు తేదీని సర్వర్ గడియారం నుంచి తీసుకునే కరెంట్‌డేట్ ఫంక్షన్ ఉంది. తెల్లవారుజామున రిపోర్టు నడిచే వేళకు ఆ సర్వర్‌కు ఇంకా నిన్నే. అందుకే సరిగ్గా గీత మీద ఉన్న బిల్లులు ఒక రోజు చిన్నవైపోయి పక్క గడిలోకి జారాయి. మొత్తాలు చూసేవాడికి ఇది జన్మలో దొరకదు. మేడమ్, నెలాఖరు పని నెత్తి మీద ఉండగా మూడు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చున్నందుకు ఏమని చెప్పను? టైమ్ జోన్ సరిచేసి మళ్లీ నడిపితే, మీరు మళ్లీ మొదటి వరుస నుంచే చదివారు. అప్పుడు కొంచెం విసుగు పడ్డాను, మన్నించండి.

కొత్త తెర మీద ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ నన్ను తిట్టుకున్న సహోద్యోగులందరికీ ధన్యవాదాలు. ఆ తిట్లన్నీ రాసుకున్నాను, శిక్షణ పాఠానికి అవే పనికొచ్చాయి.

పెద్దాయనా, ఏమైనా పంపుతానంటే మీరు ఫోను పెట్టేశారు కాబట్టి ఇలా రాస్తున్నాను. లైవ్ మార్పు వచ్చే నెల ఒక శనివారం రాత్రి పెట్టుకున్నాం. ఆ రాత్రి మీ భోజనం వేళకు ఫోను చేయనని మాట ఇస్తున్నాను. ఆదివారం పొద్దున మాత్రం తప్పకుండా చేస్తాను.