ఎండకు పాడైన డౌరో ఎర్ర వైన్ సీసాలపై ఫిర్యాదు

లిస్బన్,
ఆగస్టు 22.

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

నమస్కారం. తెలుగులో వచ్చిన మీ ప్రకటన చూసి నేను ఉత్తర పోర్చుగల్‌లోని డౌరో లోయలో తయారయ్యే ఎర్ర వైన్ ఆరు సీసాలకు ఆర్డరు ఇచ్చాను. ఆగస్టు 6వ తేదీ మధ్యాహ్నం అవి మా ఇంటికి చేరేసరికి అట్టపెట్టె చేతికి వేడిగా తగిలింది. నాలుగు సీసాలకు మూతి మీద తొడిగిన రేకు ఉబ్బి ఉంది. లోపలి బిరడా అంచు దాటి పైకి వచ్చింది. రెండు సీసాల మెడ మీద కారిన వైన్ ఎండి జిగురుగా అంటుకుంది. ఆ సాయంత్రమే ఫొటోలు పంపాను, జవాబు రాలేదు. 9వ తేదీన విందులో రెండు సీసాలు తెరిచాక మళ్లీ రాశాను. 20న మీరిచ్చిన సమాధానంలో, ఇది గాఢమైన వైన్ కాబట్టి రుచి అలాగే ఉంటుందనీ, మేము కారం ఎక్కువైన భారతీయ వంటకంతో తాగి ఉంటామనీ ఉంది. ఈ ఉత్తరం రాయడానికి ఆ సమాధానమే కారణం.

ఆ విందుకు మేము వండింది మేకపిల్ల మాంసం. వెల్లుల్లి, మిరియాలు, తెల్ల వైన్, బిర్యానీ ఆకు పట్టించి రాత్రంతా నానబెట్టి, బంగాళాదుంపలతో కలిపి ఓవెన్‌లో కాల్చాము. అందులో ఒక్క మిరపకాయ కూడా పడలేదు. ఇది పోర్చుగల్‌లో ఈస్టర్ పండుగకు ఇంటింటా చేసుకునే వంట. డౌరో ఎర్ర వైన్‌కు ఇంతకంటే తగిన తోడు దొరకడం కష్టం. మాంసంలోని ప్రొటీన్లు, కొవ్వు వైన్‌లో వగరు కలిగించే టానిన్లు అనే పదార్థాలను పట్టుకోవడం వల్ల నాలుక మీద వగరు తగ్గి, పండు రుచి పైకి తేలుతుంది. ఇదే వైన్‌ను మార్చిలో పోర్టో నగరంలో తాగాను. పలకరాతి కొండల మీద, మెట్లుగా చెక్కిన తోటల్లో పండే టూరిగా నాసియొనాల్ ద్రాక్షకు సహజమైన వయొలెట్ పూల పరిమళం, నల్ల పండ్ల రుచి, చివర్లో నిలిచే వగరు అప్పుడు స్పష్టంగా తెలిశాయి. మీరు పంపిన సీసాల్లో పూల వాసన జాడే లేదు. మరిగించిన పండ్ల పానకంలా, ఎండుద్రాక్షలా ఉంది. డౌరో లోయలోనే పుట్టి పెరిగిన మా పక్కింటి పెద్దాయన ఒక్క గుటకతోనే ఇది వేడికి ఉడికిపోయి పాడైందన్నారు. గాఢత వేరు, ఉడికిపోవడం వేరు.

కారం తగిలితే ఇలాంటి వైన్‌లో ఆల్కహాల్ మంట, టానిన్ల వగరు రెండూ పెరుగుతాయన్నది నిజమే. గోంగూర మాంసం వండిన రోజు మేము ఈ సీసా జోలికి పోము. కానీ మీరు పెట్టెలో ఉంచిన కార్డులో ఈ వైన్‌కు నిప్పుల మీద కాల్చిన సార్డీన్ చేపలు, పిరిపిరి అనే మిరపకాయల కారం పట్టించిన కోడి బాగుంటాయని మీరే అచ్చు వేశారు. ఎర్ర వైన్‌లోని ఇనుము చేపనూనెతో కలిసినప్పుడు నోట్లో నీచు మిగులుతుంది. అక్కడ చెప్పవలసినవి మట్టికుండలో ఎర్ర వైన్ పోసి ఉడికించే మేకమాంసం షన్ఫానా, బీన్సు, పంది మాంసంతో వండే ఫెయ్జువాడ, నిప్పుల మీద కాల్చిన దళసరి గొడ్డుమాంసపు ముక్కలు.

డౌరోలోనే పండే ద్రాక్షతో చేసే తియ్యని పోర్ట్ వైన్ పేరు చెడకూడదని 1756లోనే అప్పటి పోర్చుగల్ మంత్రి పొంబల్ డౌరో ద్రాక్ష ప్రాంతానికి హద్దులు గీయించిన చరిత్ర ఈ దేశానిది. రైతు అంత కష్టపడి పండించిన పంటను ఆగస్టు ఎండలో వాహనంలో వదిలేసి, తప్పు తిన్నవాళ్ల వంటదని రాయడం నాకు చాలా బాధ కలిగించింది.

సరుకు కొనుగోలుదారు చేతికి అందేవరకు దాని నష్టభారం అమ్మినవారిదేనని యూరోపియన్ యూనియన్ నిబంధన చెబుతోంది. కాబట్టి ఆరు సీసాల పూర్తి ధరను తిరిగి ఇవ్వాలనీ, వేసవి నెలల్లో వైన్‌ను ఉదయం వేళ గానీ శీతల వాహనంలో గానీ పంపాలనీ, కార్డును సరిదిద్దాలనీ కోరుతున్నాను. ఈ నెలాఖరులోగా సమాధానం రాకపోతే పోర్చుగల్‌లో వినియోగదారుల కోసం ఉన్న అధికారిక ఎలక్ట్రానిక్ ఫిర్యాదుల పుస్తకంలో నమోదు చేస్తాను. దానికి 15 పనిదినాల్లో జవాబివ్వడం మీ చట్టబద్ధమైన బాధ్యత. మిగిలిన నాలుగు సీసాలను తెరవకుండా ఉంచాను. మీ ప్రతినిధి ఎప్పుడైనా వచ్చి పరిశీలించవచ్చు.

భవదీయుడు,
మీ వినియోగదారుడు