బరంపురంలో ఇల్లు చవక అనే మాట నిజం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. భువనేశ్వర్‌లో ఇళ్ల ధరలు అందుబాటులో లేవు, కటక్‌లో స్థలమే దొరకదు, బరంపురంలో మాత్రం మామూలు మనిషి కూడా ఇల్లు కట్టుకోగలడు. ఒడిశా నగరాల గురించి మాట్లాడేవాళ్లందరూ చెప్పేది ఇదే. విశాఖ, విజయవాడలను పక్కపక్కన పెట్టి చదరపు అడుగు ఇక్కడింత, అక్కడింత అని తెలుగు పత్రికల స్థిరాస్తి పేజీల్లో పట్టికలు వేస్తుంటారు. అలాంటి పోలికలే ఇప్పుడు మా ఊళ్ల మీదా వస్తున్నాయి. నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బదిలీల మీద కటక్‌లోనూ భువనేశ్వర్‌లోనూ అద్దె ఇళ్లలో ఉన్నాను. ఆ పట్టికల్లో ఒక అంకె ఎప్పుడూ కనిపించదు. ఆ ఊళ్లో పనిచేసే మనిషికి వచ్చే జీతం. దాన్ని కూడా పక్కన వేసి చూస్తే ఏది ఖరీదైన ఊరో, ఏది చవకైన ఊరో లెక్క తారుమారవుతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మాయి, అల్లుడు భువనేశ్వర్‌లో పటియా వైపు ఉంటారు. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మాయి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా ఇరవై వేల దాకా వస్తుంది. 65 లక్షలు పెట్టి రెండు పడకగదుల ఫ్లాట్ తీసుకున్నారు. 15 లక్షలు చేతి డబ్బు, మిగతా 50 లక్షలు ఇరవై ఏళ్ల లోను. 8.5 శాతం వడ్డీ మీద నెల వాయిదా 43,400 దగ్గర పడుతోంది. వాళ్ల సంపాదనలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. కష్టమే, అయినా ఇల్లు గడుస్తోంది. రిజిస్ట్రేషన్ అమ్మాయి పేరున చేయించాం. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్లకు 4 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం ఎవరికైనా ఒకటే. అంత ధరలో ఒక్క శాతం తగ్గినా పెద్ద మొత్తమే. ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు ఇది తెలిసి ఉండటం మంచిదని రాస్తున్నాను.

మా అబ్బాయి బరంపురంలోనే ఉండిపోయాడు. ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్. చేతికి వచ్చేది 20 వేలు. హల్దియాపదర్ అవతల 1,200 అడుగుల స్థలం చూశాం. అడుగు రెండు వేలు చెప్పారు. 24 లక్షలు. అందులో ఇంకా ఒక్క ఇటుక కూడా లేదు. అదే వడ్డీకి, అదే ఇరవై ఏళ్లకు 24 లక్షల మీద వాయిదా 20,800 దాటుతుంది. వాడు జీతమంతా తెచ్చి కట్టినా చాలదు. ఇంత జీతానికి అంత లోను ఇచ్చే బ్యాంకూ ఉండదు. ఖరీదైన నగరంలో ఉన్న కూతురికి తయారైన ఫ్లాట్ నాలుగున్నరేళ్ల సంపాదన. చవకైన ఊళ్లో ఉన్న కొడుక్కి ఖాళీ స్థలమే పదేళ్ల సంపాదన. మరి ఏ ఊరు చవక?

ఇక అద్దెలు చూడండి. భువనేశ్వర్‌లో అమ్మాయి వాళ్లు ఫ్లాట్ కొనకముందు నెలకు 18 వేలు కట్టేవారు. అలాంటి ఇల్లే బరంపురంలో మా వీధిలో 8 వేలకు దొరుకుతుంది. ఈ రెండు అంకెలనూ స్థలం ధరలతో కలిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అద్దె కట్టేది ఆ ఊళ్లో సంపాదించే వాడు. అందుకే ఇక్కడి జీతాలు ఎంత తక్కువో అద్దెలూ అంత తక్కువ. స్థలం కొనేవాడు మాత్రం ఇక్కడ సంపాదించనక్కర్లేదు. బరంపురం స్థలాలకు రేటు కడుతున్నది బరంపురంలో సంపాదించిన డబ్బు కాదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తపాలా కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి బాగా తెలుసు. ఆస్కా, హింజిలి, పొలసర, దిగపహండి పల్లెలకు సూరత్ నుంచి వచ్చిన మనీఆర్డర్లను ఏళ్ల తరబడి చూశాను. గంజాం జిల్లా నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు రైళ్ల నిండా తిరిగొచ్చినప్పుడు గానీ ఎంత మంది వెళ్లారో దేశానికి తెలియలేదు. పన్నెండు గంటల షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బుతో వాళ్లు మొదట చేసేది ఊళ్లో పక్కా ఇల్లు కట్టడం, ఆ తర్వాత పిల్లల చదువు కోసం బరంపురంలో చిన్న స్థలం కొనడం. అందులో తప్పేమీ లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రేకుల ఇళ్ల గతి ఏమైందో చూసినవాడెవడూ స్లాబు ఇల్లు కావాలనే మనిషిని తప్పుపట్టడు. వీళ్లతో పాటు రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉందని ఇక్కడ స్థిరపడతారు. ఇచ్ఛాపురం, సోంపేటల వ్యాపారులూ ఇక్కడ స్థలాలు కొంటారు. అందరూ కలిసి ధర పెంచుతారు. పెరిగిన ధర చూసి ఊరు ఎదుగుతోందని పత్రికల్లో రాస్తారు. ఊరు ఎదిగితే ఆ మనిషి సూరత్ ఎందుకు పోతాడు?

కొన్నవాళ్లు వచ్చి ఉంటున్నారా అంటే చాలామంది ఉండటం లేదు. అంబపువా, లంజిపల్లి వైపు కొత్త వీధుల్లో సాయంత్రం నడిచి చూడండి, తాళం వేసిన ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి. అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనని భయం. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఇళ్లు లేవని ఒకపక్క పథకాలు పెడుతూనే, ఉన్న ఇళ్లకు ఇంకోపక్క తాళాలు వేసుకుంటున్నాం. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. అద్దె ఒప్పందాన్ని రాతపూర్వకంగా చేసుకుని అద్దె అధికారికి తెలియజేయాలనీ ఉంది. యజమానికి, కిరాయిదారుకు ఇద్దరికీ భరోసా ఇచ్చే ఇలాంటి ఏర్పాటు మా ఊరి వీధుల్లోకి వస్తే, కొత్త ఇళ్లు కట్టకుండానే ఎంతోమందికి నీడ దొరుకుతుంది.

భువనేశ్వర్ మీద నాకు కోపం లేదు. నా కూతురి కుటుంబం అక్కడే బతుకుతోంది. కానీ ఆ నగరం తనంతట తాను పెరగలేదు. 1948లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు అది 40 వేల మంది కోసం గీసిన రాజధాని. 2011 నాటికి జనాభా ఎనిమిది లక్షలు దాటింది. సచివాలయం అక్కడికే, ఐటీ అక్కడికే, ఎయిమ్స్ అక్కడికే, ఐఐటీ ఆ పక్కనే. ప్రభుత్వం ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి అక్కడ పెట్టింది, వాటి వెనక జీతాలు వచ్చాయి, జీతాల వెనక ఇళ్ల ధరలు పెరిగాయి. కటక్‌కు హైకోర్టు మిగిలింది. మహానదికీ కాఠజోడికీ మధ్య ఇరుక్కున్న ఊరు కాబట్టి పెరగాలంటే బిదానసి వైపు కటక్ అభివృద్ధి సంస్థ (సీడీఏ) వేసిన సెక్టార్లే దిక్కు. నేను అక్కడ ఉన్నప్పుడు బాదాంబాడి దగ్గర గాలి ఆడని గదికి కూడా పోటీ ఉండేది. ఆ రెండు ఊళ్ల మధ్య పోటీ గురించి రోజూ చదువుతాం. మూడో ఊరైన మా బరంపురం పేరు ఆ పోటీలో వినిపించదు.

మా ఊరికి ఏమీ రాలేదని అనను. 1962లో మెడికల్ కాలేజీ, 1967లో విశ్వవిద్యాలయం, 2016లో కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్ వచ్చాయి. ఇవి చదువు చెప్పి పంపే సంస్థలు, చదివినవాళ్లు పనికి భువనేశ్వర్‌కో విశాఖకో పోవాలి. 1990లలో గోపాల్‌పూర్ దగ్గర టాటా ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయించి భూములు తీసుకున్నారు. కర్మాగారం రాలేదు. చాలా ఏళ్లకు అదే భూమిలో పారిశ్రామిక పార్కు, ఫెర్రోక్రోమ్ యూనిట్ వచ్చాయి. 2024లో గోపాల్‌పూర్ పోర్టు అదానీ చేతికి వెళ్లింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఉద్యోగాల కంటే ముందు బ్రోకర్లు దిగుతారు. ఉద్యోగం రాకముందే స్థలం ధర పెరిగిపోతుంది, రేపు నిజంగా ఉద్యోగం వచ్చినా ఆ జీతంతో ఆ స్థలం కొనలేని పరిస్థితి. నీతి ఆయోగ్‌తో కలిసి ప్రభుత్వం తయారు చేయించిన పెద్ద ప్రణాళిక పేరే భువనేశ్వర్–కటక్–పూరీ–పారాదీప్ ఆర్థిక ప్రాంతం. ఆ నాలుగు పేర్లలో దక్షిణ ఒడిశా ఊరు ఒక్కటీ లేదు.

ఇంటి అద్దె భత్యం సంగతి కూడా చెప్పాలి, సర్వీసంతా చూసినవాణ్ణి కాబట్టి. కేంద్ర ఉద్యోగులకు ఐదు లక్షల నుంచి యాభై లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లు వై తరగతి, ఐదు లక్షలు లేనివి జెడ్ తరగతి. ఒడిశాలో భువనేశ్వర్, కటక్, రూర్కెలా వై. అక్కడ మూల వేతనంలో 20 శాతం ఇస్తారు. 2011 లెక్కల్లో బరంపురం జనాభా మూడున్నర లక్షల పైచిలుకు, కాబట్టి 10 శాతమే. యాభై వేల మూల వేతనం ఉన్నవాడు బరంపురంలో పనిచేస్తే నెలకు ఐదు వేలు నష్టపోతాడు. స్థలం ధర మాత్రం జెడ్ తరగతి అని తగ్గదు. అందుకే అనుభవమున్న ఉద్యోగి భువనేశ్వర్ బదిలీ కోసం తిరుగుతాడు. కొత్త జనగణన 2027లో జరగాలి. పదహారేళ్ల పాత లెక్కతో ఊరి స్థాయిని కొలుస్తూ వచ్చారు. ఈసారి శివారు పల్లెల్ని కూడా సరిగ్గా చేర్చి లెక్కించేలా మా ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది నేతవాళ్ల పరిస్థితి. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పట్టు నేసేది ఎక్కువగా మన తెలుగు దేవాంగులు. గుంట మగ్గం వేయాలంటే నేల మీద గది కావాలి, పొడుగు కావాలి, వెలుతురు కావాలి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో గుంట తవ్వలేరు కదా! పాత వీధుల్లో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్న కొద్దీ గది కుదించుకుపోతోంది. పక్కవాళ్లు పాత ఇల్లు కూలగొట్టి నాలుగంతస్తులు లేపితే వెలుతురూ పోతుంది. ఊరి చివర స్థలం కొనే శక్తి లేదు. కొడుకు సూరత్‌కు పోయి మరమగ్గం మీద కూర్చుంటాడు, ఇక్కడ తండ్రి మగ్గం మూలపడుతుంది. గృహ నిర్మాణ మండలి, బరంపురం అభివృద్ధి సంస్థ ఏ లేఅవుట్ వేసినా కొంత భాగం మగ్గం గదితో కూడిన నేల ఇళ్లకు కేటాయించాలని గట్టిగా కోరుతున్నాను. ఇది దయతో ఇచ్చే సాయం కాదు. ఈ ఊరికి పట్టు నగరమనే పేరు తెచ్చింది వాళ్లే.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. సరిహద్దుకు అటు ఇటు కొలతలు వేరు. ఇచ్ఛాపురంలో సెంట్లలో, విశాఖలో గజాల్లో, భువనేశ్వర్‌లో గుంటల్లో చెబుతారు. మాకు అడుగుల లెక్క. సెంటుకు 435 అడుగుల పైన, ఒడిశా గుంటకు నాలుగు సెంట్లు, అంటే 1,742 అడుగులు. అన్నిటినీ అడుగుల్లోకి మార్చుకోకుండా ధరలు పోల్చకండి. ఒడిశాలో భూమి కిసం, అంటే భూమి రకం, ఘరబారి (ఇంటి స్థలం) అని పట్టాలో ఉందా లేదా చూసుకోండి. పొలంగానే ఉన్న భూమిని లేఅవుట్ గీసి అమ్మేవాళ్లు ఇక్కడ ఎక్కువ. దాన్ని ఇంటి స్థలంగా మార్పించుకునే భారం, టెన్షన్ కొన్నవాడి నెత్తిన పడతాయి, అప్పటిదాకా లోను రాదు. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు నంబరు అడగండి.

మీ పత్రికకు ఒక విన్నపం. స్థిరాస్తి పేజీలో ఏ రెండు నగరాలను పోల్చినా, చదరపు అడుగు ధర పక్కన ఆ ఊరి మామూలు అద్దెను, ఆ ఊళ్లో నర్సుకో దుకాణం గుమాస్తాకో వచ్చే జీతాన్ని కూడా వేయండి. విశాఖ, విజయవాడలకైనా సరే, భువనేశ్వర్, బరంపురాలకైనా సరే. మా సరిహద్దు ఊళ్లలో ప్రతి తెలుగు ఇంట్లో పిల్లల్ని ఏ ఊరికి పంపాలి, ఎక్కడ ఇల్లు కట్టాలి అనే చర్చ నడుస్తూనే ఉంటుంది. ఆ మూడు అంకెలు పక్కపక్కన అచ్చైతే మా అబ్బాయి లాంటి వాళ్లు సగం ధర అని విని అడ్వాన్సు ఇచ్చేముందు కాగితం మీద లెక్క వేసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా