పుష్కరాల అంచనాల్లో రోడ్డు అంచు కూడా రాయించండి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

రాజమహేంద్రవరంలో పిల్లలతో కలిసి సైకిల్ తొక్కే తల్లిదండ్రులం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, తారు రోడ్డు అంచున ఏర్పడే మెట్టు మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికీ రసీదులున్నాయి. మూడుసార్లూ ఫోనుకి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. టేపు పట్టుకుని వెళ్లి కొలిస్తే ఆ మెట్టు ఎత్తు మొదట ఎన్ని అంగుళాలుందో ఇప్పుడూ అంతే ఉంది. అందుకని ఈసారి అర్జీ కాకుండా నలుగురూ చదివేలా ఉత్తరం రాస్తున్నాం. తప్పుగా అనుకోవద్దు.

2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. రోడ్లు ఎలాగూ తవ్వుతారు, ఎలాగూ వేస్తారు. ఆ అంచనాల్లో ఇప్పుడు నాలుగు పంక్తులు చేరకపోతే మళ్లీ పుష్కరం దాకా ఎవరూ ఆ కాగితాలు తెరవరు. ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న పిల్లకి అప్పటికి ఇరవై ఏళ్లొస్తాయి. తండ్రి పక్కన సైకిల్ తొక్కే వయసు ఎప్పుడో దాటిపోతుంది.

ముందు అంచు సంగతి. కారులో వెళ్లేవాళ్లకి అది కనిపించదు. మేం చూసినంతలో పిల్లలు ఎక్కువగా పడేది మాత్రం అక్కడే. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు. ఒక్కో పొర 25 నుంచి 50 మిల్లీమీటర్లు. రెండు మూడు సార్లు వేసేసరికి రోడ్డుకీ పక్కనున్న మట్టికీ మధ్య మూడు నాలుగు అంగుళాల మెట్టు తయారవుతుంది. రెండు వానలకి ఆ మట్టి కొట్టుకుపోతే మెట్టు ఆరంగుళాలవుతుంది.

ఎనిమిదేళ్ల పిల్లవాడు తొక్కేది 20 అంగుళాల చక్రాల సైకిల్. ఎడమ అంచునే పోతుంటాడు, మనమే అలా నేర్పాం కాబట్టి. వెనక లారీ గట్టిగా హారన్ కొడుతుంది. బెదిరిపోయి మట్టిలోకి దించేస్తాడు. దిగేటప్పుడు ఏమీ కాదు, ఎక్కేటప్పుడే ఉంది ప్రమాదం. ఆగి, దిగి, సైకిల్ ఎత్తి రోడ్డు మీద పెట్టుకునే ఓపిక ఆ వయసులో ఉండదు. తొక్కుతూనే హ్యాండిల్ కాస్త కుడికి తిప్పుతాడు. ముందు చక్రం అంచుని ఏటవాలుగా తగులుతుంది, ఎక్కదు, దాన్ని రాసుకుంటూ ముందుకే పోతుంది. ఒళ్లు అప్పటికే కుడికి వాలిపోయి ఉంటుంది. చక్రం ఒళ్లు కిందికి రాదు. ఇంక పడడమే. పడడం కూడా ఎప్పుడూ కుడివైపుకే, అంటే లారీ వస్తున్న వైపుకే పడతాడు. పెద్దవాళ్ల 26 అంగుళాల చక్రం ఆ మెట్టుని కాస్త కష్టపడి ఎక్కేస్తుంది. చక్రం చిన్నదయ్యేకొద్దీ మెట్టు పెద్దదవుతుంది. ఆ పిల్లవాడి చక్రానికి అది గోడ.

దీనికి కావలసిందల్లా బెర్ము. తారు వేసిన వారంలోనే మీటరున్నర వెడల్పున గ్రావెల్ పోసి, తడిపి, రోలర్ తిప్పి రోడ్డుతో సమంగా తేవాలి. పొర పొరగా తొక్కించాలి. ఒక్కసారే కుమ్మరించి పైపైన చదును చేస్తే మొదటి వానకే కుంగుతుంది. మన దగ్గర జరిగే పొరపాటు ఇంకొకటుంది. పక్క కాలవలో తీసిన పూడికనో, చేలో నల్లమట్టినో తెచ్చి అంచున పోసేస్తారు. డెల్టా నల్లమట్టి ఎండకి బీటలు వేస్తుంది, వానకి సబ్బులా జారుతుంది. ఆ బీటలు రోడ్డు వెంట నిలువునా పడితే టైరు సరిగ్గా అందులోనే దూరుతుంది. గ్రావెల్ మెట్ట ప్రాంతం నుంచి తోలించాలి, ఖర్చు తగులుతుంది, నిజమే. కానీ తారుకయ్యే ఖర్చు ముందు అదెంతండి? ఇంకో మాట కూడా అంచనాలో రాయించండి: తారు అంచుని నిలువుగా వదిలేయకుండా 30 డిగ్రీల వాలుగా దించాలి. తారు పరిచే పేవర్ యంత్రం పక్కన ఒక ఇనుప పలక తగిలిస్తే వేసేటప్పుడే ఆ వాలు వచ్చేస్తుంది. బెర్ము పూర్తయ్యేదాకా తారు బిల్లు ఆపండి. ఈ ఒక్క షరతు పెడితే మిగతావి వాటంతటవే జరుగుతాయని మా నమ్మకం.

మురుగు కాలవల మీద వేసే ఇనుప జాలీలు మరో బాధ. కడ్డీలు రోడ్డు పొడవునా పెడితే రేసింగ్ సైకిల్ టైరు, అంటే 28 మిల్లీమీటర్లది, రెండు కడ్డీల మధ్య దిగి ఇరుక్కుంటుంది. సైకిల్ అక్కడే ఆగిపోతుంది, తొక్కేవాడు ఆగడు. అదే జాలీని రోడ్డుకి అడ్డంగా తిప్పి పెడితే చాలు, పైసా ఖర్చు లేదు. కొత్తవి చేయించేటప్పుడు చుట్టూ ఉండే చట్రం రోడ్డుతో సమంగా ఉందో లేదో చూడాలి. తారు పొర పెరిగినప్పుడల్లా జాలీ గోతిలో పడిపోతోంది, దాన్ని పైకెత్తడం ఎవరికీ గుర్తుండదు.

ఇసుక గురించి మీకు మేం చెప్పక్కర్లేదు. నది ఒడ్డున ఇసుక ఎత్తే ర్యాంపు నుంచి తడి ఇసుకతో వచ్చే లారీ వెనక తలుపు సందుల్లోంచి నీళ్లూ ఇసుకా దారి పొడవునా కారుతూ పోతాయి. ఆరాక ఆ ఇసుక వాహనాల గాలికి ఎగిరి ఎడమ అంచుకి, మలుపుల లోపలి వైపుకి చేరుతుంది. సైకిల్ పోయేది సరిగ్గా ఆ రెండు చోట్లే. పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారుజామున ఊడ్చి అంచునే కుప్ప పెడతారు. ఎత్తే బండి ఎండెక్కాక వస్తుంది. ఈలోగా పిల్లలు స్కూళ్లకి వెళ్లేది ఆ కుప్పల మీదుగానే. మలుపులో ఇసుక మీద ముందు బ్రేకు పట్టారంటే చక్రం కింద నుంచి లాగేసినట్టు జారిపోతుంది. వెనక బ్రేకే పట్టాలని, అదీ మలుపు తిరగకముందే పట్టాలని పిల్లలకి చెబుతాం. ఎదురుగా ఆటో వచ్చినప్పుడు ఎంతమందికి గుర్తుంటుంది? లారీ వెనక తలుపుకి రబ్బరు పట్టీ, పైన బరకం, ర్యాంపు దాటే ముందు నీళ్లు కారిపోయేదాకా ఓ పావుగంట నిలుపుదల. ఇంతకు మించి అడగడం లేదు.

బరకం అంటే గుర్తొచ్చింది. కోతల రోజుల్లో గట్టు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ రైతుల మీద మాకు కోపం లేదు, కళ్లాలు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? బరకాలు ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లు మాత్రం ధాన్యం ఎత్తాక రోడ్డు మీదే ఉండిపోతున్నాయి. పొద్దుగూకాక అవి కనబడవు. ఊరికో కళ్లం కట్టిస్తే రైతుకీ మాకూ మేలు.

స్పీడు బ్రేకర్లకి ఇండియన్ రోడ్ కాంగ్రెస్ చెప్పిన కొలత ఉంది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. వీధుల్లో ఉన్నవి చూడండి. అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు, తెల్లచారలు ఉండవు. వెనక క్యారియర్ మీద సీటు బిగించి పిల్లని కూర్చోబెట్టుకున్న తల్లి సైకిల్ దాని మీద ఎక్కితే ఏమవుతుందో చెబుతాం. ఆ సీట్లు మామూలుగా 22 కిలోల దాకా మోస్తాయి. ఆ బరువంతా వెనక చక్రం ఇరుసు మీద, కొంత దానికి వెనకగా ఉంటుంది. ముందు చక్రం ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోతుంది, పట్టు తప్పుతుంది. వెనక చక్రం దిగేటప్పుడు ఆ కుదుపంతా పిల్ల వెన్ను మీద పడుతుంది. బోల్టులతో బిగించే రబ్బరు బ్రేకర్లు ఇంకా ఘోరం. ముక్కలు ఊడిపోయాక బోల్టులు రెండంగుళాలు పైకి నిక్కి ఉంటాయి. ఊడిన చోట ఆ బోల్టుల్ని ఆ రోజే కోయించాలి. బ్రేకర్లు తీసేయమని అనడం లేదండి. స్కూళ్ల దగ్గర అవి ఉండాల్సిందే, కొలత ప్రకారం ఉండాలి అంతే.

వంతెనల మీద అతుకుల దగ్గర రబ్బరు పోయి ఇనుము అంచు తేలితే టైరు దానికి కొట్టుకుని ట్యూబు రిమ్ముకీ ఇనుముకీ మధ్య నలుగుతుంది. పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వంతెన నడిమధ్యలో పంచరైతే పిల్లల్ని పెట్టుకుని నిలబడడానికి జానెడు చోటు ఉండదు.

మా వంతు పని మేం చేస్తున్నాం. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే పిల్లల్ని రోడ్డు మీదకి వదిలేసి ప్రభుత్వాన్ని అంటున్నారనుకుంటారు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనేలా ఎత్తు సరిచేస్తాం. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. వెనక సీటుకి రెండు పక్కలా వల కడతాం, పిల్లల పాదం చక్రం పుల్లల్లో పడకుండా. బయల్దేరే ముందు రెండు బ్రేకులూ పట్టి సైకిల్ని ముందుకి తోసి చూస్తాం. చక్రం తిరిగిందంటే ఆ రోజు ప్రయాణం లేదు. ఇద్దరు పెద్దలుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. ఒక్కరే ఉంటే పిల్ల వెనకాల, అర మీటరు కుడిగా, వచ్చే వాహనానికి అడ్డుగా. ఇవన్నీ చేశాక కూడా ఆ ఆరంగుళాల మెట్టు అక్కడే ఉంటుంది. హెల్మెట్ తలని కాస్తుంది గానీ లారీ చక్రాన్ని ఆపదు కదండీ.

ఇంత కష్టపడి ఎందుకు తొక్కించడం అని మీ కార్యాలయాల్లో ఎవరైనా అడగవచ్చు. ఎత్తుపల్లాలు లేని నేల ఇది, ఎనిమిదేళ్ల పిల్ల కూడా రొప్పకుండా ధవళేశ్వరం దాకా తొక్కగలదు. ఆరేడు కిలోమీటర్లు, ముప్పావుగంట. అక్కడ కాటన్ మ్యూజియం ఉంది, లాకులున్నాయి, బ్యారేజీ గేట్లున్నాయి. వరద తీసేశాక తీసుకెళ్తే 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని అక్కడే నిలబడి చెప్పవచ్చు. ఎర్రనీళ్లు మళ్లీ తేటపడడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఇంకాస్త కాళ్లు సాగినవాళ్లు కాలవ గట్టు వెంట కడియం నర్సరీల దాకా పోతారు. కారు అద్దంలోంచి చూస్తే ఇవేవీ మనసుకి పట్టవు. నీటి మట్టాన్ని ముప్పావు అడుగుతో సహా లెక్కగా కొలిచి కబురు చెప్పే యంత్రాంగం మనది. రోడ్డు అంచుని కూడా అంగుళాల్లో కొలవమనే మా ప్రార్థన.

గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన మాట ఎత్తకుండా ఉండలేం. 1900లో తెరిచారు, 1997లో రైళ్లు ఆపేశారు. 56 స్పానులు, రెండున్నర కిలోమీటర్లు దాటిన చదును దారి. అడ్డరోడ్డు లేదు, లారీ రాదు. పర్యాటకానికి సిద్ధం చేస్తామన్న మాట ఎన్నేళ్లుగానో వింటున్నాం. 2025లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసినప్పుడు కూడా విన్నాం. బొమ్మలూ రంగుల దీపాలూ ఎన్నైనా పెట్టుకోండి, రెండు మీటర్ల సైకిల్ దారి మాత్రం విడిగా ఉంచండి. చెక్కలు గానీ పలకలు గానీ వేస్తే దారికి అడ్డంగా వేయించండి, పొడవునా వేస్తే సందుల్లో టైరు ఇరుక్కుంటుంది. కంచె నాలుగున్నర అడుగులుండాలి. నడిచే మనిషికి మూడున్నర సరిపోతుందేమో గానీ సైకిల్ మీద కూర్చున్న మనిషి బరువు ఇంకా పైన ఉంటుంది. నది మీద పడమటి గాలి ఒక్కసారి తోస్తే కంచె మీద నుంచి తూలిపోవచ్చు. అడుగున సందులోంచి పిల్లల తల దూరకూడదు. ఇవి డిజైన్ దశలోనే అడగాలి, కట్టాక అడిగితే "వచ్చే పథకంలో చూద్దాం" అంటారు.

అయ్యా, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు ప్రమాణాల ప్రకారం లేక ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్ల పడ్డాక వచ్చే జరిమానా మాకెందుకండి? పడకముందు పది బండ్ల గ్రావెల్ ఇప్పించండి.

పుష్కరాలకి వచ్చే కోట్ల మంది కోసం మీరు రోడ్లు వేస్తున్నారు, సంతోషం. అందులో నడిచివచ్చే ముసలమ్మలూ ఉంటారు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే కూలీలూ ఉంటారు. అంచు సరిగా ఉంటే వాళ్లకీ మేలే. అంచనాలు సంతకానికి వచ్చినప్పుడు బెర్ము ఐటం ఉందో లేదో ఒక్కసారి చూసి, లేకపోతే రాయించి పుణ్యం కట్టుకోండి. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా గోదావరి గట్టు మీద మోటారు వాహనాలు ఆపించండి. ఇసుక కుప్పలు స్కూలు వేళకి ముందే ఎత్తించండి. బెర్ము మాట మళ్లీ అంటున్నాం, విసుక్కోవద్దు.

మెట్టు మూడంగుళాలు దాటిన చోట్ల జాబితా, టేపు పెట్టి తీసిన ఫోటోలతో సహా, ఈ ఉత్తరానికి జతచేస్తున్నాం. మొదటి మూడు అర్జీలకి జతచేసిందీ ఇదే జాబితా. కొత్తగా రెండు చోట్లు చేరాయి, ఒక్కటీ తగ్గలేదు.

ఇట్లు,
పిల్లలతో సైకిల్ తొక్కే తల్లిదండ్రులు,
రాజమహేంద్రవరం.