ఫ్యామిలీ ఫొటోకి వెలుతురు కూడా చూస్కోండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

సెలవులకి పిల్లలూ మనవలూ రాగానే బీచ్‌లో ఫ్యామిలీ ఫొటో అని బయల్దేరతాం కదా, దాని గురించే ఈ ఉత్తరం. పోయినేడు మేలో మా అమ్మ 70వ పుట్టినరోజుకి 14 మందిమి పట్టుబట్టలు కట్టుకుని ఆర్కే బీచ్‌కి 11.30కి వెళ్లాం, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన టైమ్ అదే మరి. మే రెండో వారంలో మన విశాఖలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదుంటాడు, కనుబొమ్మల నీడ కళ్ల మీద పడిపోయి ఒక్క ఫొటోలో కూడా అమ్మ కళ్లు కనపళ్లేదండీ, రెండు నల్లటి గుంటలు, అంతే. చాలా బాధేసింది.

మనది తూర్పు తీరం, పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు కాబట్టి సముద్రం వెనక పెట్టుకుని నిలబడితే మొహాలు నల్లగా వస్తాయి, అదే సాయంత్రం 5 దాటాక వెలుగు ఊరి వైపు నుంచి మొహాల మీద మెత్తగా పడుతుంది. మబ్బేసిందని చాలామంది ప్రోగ్రామ్ మానేస్తారు, వానా ఉరుములూ లేకపోతే మానొద్దు, మబ్బు వెలుతురులో నీడలు గట్టిగా పడవు, పిల్లలు కళ్లు చిట్లించరు. ఏసీ కారులోంచి తీసిన కెమెరాకి మన ఉక్కలో లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, కాసేపు బ్యాగ్‌లోనే ఉంచి తీయాలి.

ఫొటోగ్రాఫర్లకి నా మనవి, పెద్దవాళ్లున్న ఫ్యామిలీకి మిట్టమధ్యాహ్నం టైమ్ ఇవ్వకండి, మాకు తెలీదు, మీరే చెప్పాలి. ఆగస్టులో మబ్బు రోజు చూసి మళ్లీ తీయించాం, అమ్మ కళ్లు ఎంత బాగా వచ్చాయో, నవ్వినప్పుడు పక్కన పడే ముడతలతో సహా.

ఒక పాఠకురాలు, విశాఖపట్నం